సొంతానికి బీరు కాచుకోవడం నేరం కాకూడదు

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యులకూ, ఎక్సైజ్ శాఖకూ, తోటి పౌరులకూ విన్నపం

బార్లీ మాల్ట్ కొనుక్కోవడం తప్పు కాదు. బీరుకు చేదునిచ్చే హాప్స్ పువ్వులు తెప్పించుకోవడం తప్పు కాదు. ఈస్ట్ బేకరీ సామాన్లు అమ్మే కొట్లో దొరుకుతుంది. ఈ మూడింటినీ నీళ్లతో కలిపి మీ వంటింట్లో, మీ కోసమే పులియబెట్టుకుంటే మాత్రం 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద మీరు నేరస్తులు. రాష్ట్రం విడిపోయినా రెండుచోట్లా ఆ చట్టమే నడుస్తోంది. లైసెన్సు లేనిదే మత్తు పానీయం తయారుచేయరాదన్నది దాని మూలం. ఇంటి కోసం ఇరవై లీటర్లు పులియబెట్టుకున్న మనిషినీ, ఊరవతల బట్టీ పెట్టి పది ఊళ్లకు గుడుంబా పంపేవాడినీ అది ఒకే గాటన కడుతుంది.

మేం అడుగుతున్న మార్పు చిన్నది. 21 ఏళ్లు నిండినవారు తమ ఇంట్లో, తమ కోసం, ఒక పరిమితికి లోబడి, అమ్మకుండా, బట్టీ పెట్టకుండా బీరు పులియబెట్టుకోవడాన్ని ఈ చట్టం నుంచి మినహాయించండి. అంతకుమించి ఏమీ కోరడం లేదు. సారా మీద ఉన్న నిషేధాన్ని సడలించమనడం లేదు. బీరు ఆరోగ్యానికి మంచిదనీ చెప్పం. మద్యం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది, ఇంట్లో కాచింది కాబట్టి దానికి మినహాయింపు రాదు.

మద్యం మాట ఎత్తగానే ఈ నేల మీద ముందుగా గుర్తుకు రావలసింది నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు. 1992లో వాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధం పోయింది. ఆ ఉద్యమాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు మాకు లేదు, ఆ ఉద్దేశమూ లేదు. అయితే వాళ్లు దేనిమీద తిరగబడ్డారో గమనించండి. 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వమే ప్యాకెట్లలో సారాను గడప దాకా తెచ్చింది. పొద్దంతా చేసిన కూలి పొద్దుగూకేలోగా దుకాణదారు గల్లాలో పడింది. వాళ్ల కోపం అమ్మకం మీద, ఆ అమ్మకాన్ని నడిపిన ప్రభుత్వం మీద. మేం కోరే మినహాయింపులో అమ్మకమే లేదు. ఒక్క సీసా అమ్మినా ఇప్పుడున్న శిక్షలన్నీ వర్తించాలనే మేమూ అంటాం.

"ఇంట్లోనే కాచుకునే వీలుంటే తాగుడు పెరగదా?" అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు బీరు తయారయ్యే తీరులోనే ఉంది. నలగ్గొట్టిన మాల్ట్‌ను (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని) 65 నుంచి 67 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు నానబెట్టాలి. మొలకెత్తినప్పుడు గింజలో పుట్టిన ఎంజైములు ఆ వేడికి పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఆ తియ్యటి ద్రవాన్ని వడగట్టి, హాప్స్ వేసి, మరో గంట మరిగించి, త్వరగా చల్లార్చి, శుభ్రం చేసిన డబ్బాలో పోసి ఈస్ట్ కలపాలి. సామాన్లు కడగడంతో కలిపి ఒక పూట పూర్తిగా పోతుంది. ఆపైన వారం నుంచి రెండు వారాలు పులియాలి. సీసాల్లో నింపాక గ్యాస్ పట్టడానికి ఇంకో రెండు వారాలు. అంటే ఇవాళ మొదలుపెట్టినవాడు దాదాపు నెల తర్వాత మొదటి గ్లాసు తాగుతాడు. తాగుడుకు బానిసైనవాడు నెల ఆగలేడు, పక్క సందులో వైన్‌షాపు ఉండగా ఆగడు కూడా. నెలపాటు ఆగగలిగేవాడు ఆ పనిలోని నేర్పు కోసం ఆగుతాడు. మాల్ట్ ఎంత వేయించిందైతే రంగు ఎలా మారుతుందో, హాప్స్ ముందు వేస్తే చేదు, చివర్లో వేస్తే వాసన ఎందుకు నిలుస్తుందో తెలుసుకోవడంలో అతనికి ఆనందం ఉంది. రసాయనశాస్త్రం, జీవశాస్త్రం, వంట ఈ మూడూ ఒకే గిన్నెలో కలిసే అభిరుచులు మరెన్నో లేవు.

ఇక కల్తీ భయం. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో కల్తీసారా తాగి 60 మందికి పైగా చనిపోయారు. అలాంటి వార్త విన్న తల్లి "ఇంట్లో మందు కాయడమా?" అని వణికితే ఆమెది తప్పు కాదు. కానీ అక్కడ ప్రాణాలు తీసింది మిథనాల్, అంటే పరిశ్రమల్లో వాడే మిథైల్ ఆల్కహాల్. కిక్కు కోసం, లాభం కోసం దాన్ని సారాలో కలిపారు. ధాన్యం పులిస్తే ప్రాణం తీసేంత మిథనాల్ పుట్టదు. మిథనాల్‌కు మూలం పెక్టిన్, అది పండ్లలో ఎక్కువ, బార్లీలో బహు తక్కువ. పైగా బీరుకు బట్టీ లేదు. ఆవిరి పట్టి సారం తీయడం, గాఢత పెంచడం అందులో లేనే లేవు. తెలంగాణలో కల్లులో క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రాజోలం కలిపిన కేసులు చూశాం. అవన్నీ అమ్మేవాడు కొనేవాడికి చేసిన ద్రోహాలు. తన గ్లాసులో తానే విషం కలుపుకునే మనిషి ఉండడు.

గంటసేపు మరిగిన ద్రవం, హాప్స్ చేదు, పులుపు, ఆల్కహాల్ అన్నీ కలిసి రోగకారక క్రిములను బీరులో పెరగనివ్వవు. చెడిపోతే పుల్లబడుతుంది, కంపు కొడుతుంది, పారబోస్తాం. ఇడ్లీ పిండి పులుపు ఎప్పుడు మించిందో వాసనతోనే పట్టేసే మన వంటిళ్లకు ఆ తేడా చెప్పక్కర్లేదు. అసలు ప్రమాదం సీసాలో ఉంది. పులవడం పూర్తికాకముందే మూత బిగించినా, గ్యాస్ కోసం వేసే చక్కెర లీటరుకు ఆరేడు గ్రాములు దాటించి ఎడాపెడా వేసినా సీసా పగిలి గాజుపెంకులు ఎగురుతాయి. ద్రవం సాంద్రత చూపే హైడ్రోమీటరు రీడింగు వరుసగా రెండు మూడు రోజులు మారకుండా ఉంటేనే సీసా నింపాలన్నది ఈ పనిలో మొదటి పాఠం. ఆ పాఠం బహిరంగంగా నేర్పాలంటే పని చట్టబద్ధమై ఉండాలి. నేరంగా ఉన్నన్నాళ్లూ నేర్చుకోవాలనుకున్నవాడు ఎవరినీ అడగలేడు, అరకొరగా విన్నదే చేస్తాడు.

మన ఎండల్లో ఇది కుదరదనే మాట కూడా వింటున్నాం. మామూలు ఏల్ ఈస్ట్‌కు 18 నుంచి 22 డిగ్రీలు కావాలి, మే నెలలో విజయవాడ గదిలో అది దొరకదన్నది నిజమే. కానీ నార్వే పల్లె ఇళ్లలో తరతరాలుగా దాచుకున్న 'క్వైక్' అనే ఈస్ట్ 35 డిగ్రీల పైన కూడా హాయిగా పనిచేస్తుంది. ఇప్పుడది పొడి రూపంలో ప్యాకెట్లలో వస్తోంది. చలిదేశపు రైతులు కాపాడిన ఈస్ట్ మన వేసవికి సరిపోవడం ఎంతో సంతోషం కలిగించే సంగతి.

ఈ దారిలో ముందు నడిచిన దేశాలున్నాయి. బ్రిటన్‌లో 1880 నుంచి సొంతానికి కాచుకునేవారికీ లైసెన్సు ఉండేది. 1963 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ దాన్ని ఎత్తేశారు. అమెరికాలో 1933లో మద్యనిషేధం పోయినా, ఇంట్లో వైన్ చేసుకోవడానికి దొరికిన వెసులుబాటు బీరుకు దొరకలేదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో అదీ వచ్చింది. ఇద్దరు వయోజనులున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు పరిమితి. చివరి రాష్ట్రాలైన మిసిసిపి, అలబామా 2013లో ఒప్పుకున్నాయి. 1970ల చివర అక్కడ బీరు కంపెనీలు వందలోపే, ఇప్పుడు తొమ్మిది వేలకు పైగా ఉన్నాయి. వాటిలో ఎన్నింటినో పెట్టినవారు ఇంట్లో కాచి చేయి తిరిగినవాళ్లే. సియెర్రా నెవాడా బీరు కంపెనీ స్థాపించిన కెన్ గ్రాస్‌మన్ అంతకుముందు ఇంటి బీరు సామాన్ల కొట్టు నడిపారు. డల్లాస్‌లో ఉన్న తెలుగువాడు ఇవాళ తన గ్యారేజీలో నిశ్చింతగా బీరు కాచుకోవచ్చు. సెలవులకు వచ్చి అమ్మానాన్నల ఇంట్లో అదే పని చేస్తే కేసు.

మన దగ్గరా తలుపు పూర్తిగా మూసి లేదు. 2015లో తెలంగాణ మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చింది. హోటల్ మధ్యలో ట్యాంకులు పెట్టి తాజా బీరు పోస్తున్నారు. గీత కార్మికుడికి చెట్టు గీసుకునేందుకు టీఎఫ్‌టీ (ట్రీ ఫర్ ట్యాపర్, అంటే గీసేవాడికే చెట్టు) కింద విడిగా అనుమతి ఇచ్చే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఆదివాసీ ప్రాంతాల్లో సొంత వాడకానికి సంప్రదాయ పానీయాలు కాచుకోనివ్వాలని కేంద్రం 1975లోనే రాష్ట్రాలకు మార్గదర్శకాలిచ్చింది. ఇప్పపువ్వును దేవుడికి పెట్టుకునే గూడేల హక్కు మాకన్నా ముందుది, మాకన్నా బరువైనది. మా కోరిక దానికి అడ్డు రాకూడదు, తోడుగా నిలవాలి.

రైతు సంగతి కూడా తలచుకోవాలి. నైజీరియా 1988లో బార్లీ మాల్ట్ దిగుమతిని నిషేధిస్తే అక్కడి పెద్ద బ్రూవరీలు జొన్నతో బీరు కాచడం నేర్చుకున్నాయి. జొన్న, రాగి, సజ్జ మన మెట్ట పొలాల పంటలు. చిరుధాన్యాల పరిశోధనా సంస్థ హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్‌లోనే ఉంది. మొలకెత్తించి ఆరబెట్టిన రాగిని పిల్లలకు మాల్ట్‌గా పోసే తల్లులున్న రాష్ట్రాలివి. ఏ జొన్న రకం మంచి మాల్ట్ అవుతుందో పది లీటర్ల గిన్నెలో పరీక్షించి చెప్పగలిగేది అభిరుచితో కాచేవాడే. పెద్ద కంపెనీ అంత చిన్న ప్రయోగం మీద రోజులు ఖర్చుపెట్టదు.

ఖజానా మాటకొస్తే, ఇరవై లీటర్ల కోసం ఒక పూట కష్టపడేవాళ్లు ఏ రాష్ట్రంలోనైనా పిడికెడు మందే ఉంటారు. వాళ్ల వల్ల ఎక్సైజ్ రాబడికి గండి పడదు.

నిబంధన ఎలా ఉండాలో కూడా చెబుతాం. ఇంట్లో ఏ సమయానికైనా 40 లీటర్లు మించకూడదు. ఒక విడత పులుస్తూ, ఒక విడత సీసాల్లో ఉండటానికి అది సరిపోతుంది. ఏడాదికి 200 లీటర్లు గరిష్ఠం. లైసెన్సు వద్దు, ఎక్సైజ్ స్టేషన్‌కు ఒక పేజీ ప్రకటన ఇస్తే చాలు. లైసెన్సు అంటే చేతులు తడపడానికి ఇంకో గుమ్మం తెరిచినట్టే. కానీ ఆ ప్రకటన మీద ఆ ఇంట్లోని వయోజనులందరి సంతకాలూ ఉండాలి. భార్య ఒప్పుకోకపోతే, తల్లి ఒప్పుకోకపోతే ఆ ఇంట్లో బీరు కాగకూడదు. ఇచ్చిన సంతకాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకునే వీలు ఆమెకుండాలి. ఈ నిబంధనను మాత్రం ఎవరు తీసేయమన్నా మేం ఒప్పుకోం.

మద్యం రాజ్యాంగం రాష్ట్రాలకే అప్పగించిన విషయం. ఢిల్లీ వైపు చూడనక్కర్లేదు, హైదరాబాద్, అమరావతి తలచుకుంటే అయ్యే పని. అప్పటిదాకా ఎవరూ చట్టాన్ని మీరి ఇంట్లో కాచవద్దని మనవి. ఈ కరపత్రం చదివాక మీ ఎమ్మెల్యేకు ఒక ఉత్తరం రాయండి: "అమ్మకం లేకుండా, బట్టీ లేకుండా, ఇంటిల్లిపాదీ సమ్మతితో, ఏడాదికి 200 లీటర్లకు మించకుండా సొంతానికి బీరు పులియబెట్టుకోవడాన్ని ఎక్సైజ్ చట్టం నుంచి మినహాయించేందుకు వచ్చే సమావేశాల్లో సవరణ ప్రతిపాదించండి." కింద మీ పేరు, ఊరు రాసి, నకలు ఎక్సైజ్ కమిషనర్ కార్యాలయానికి పంపండి.