రెండో ఇంజన్ ఉందన్న ధీమా: పౌర విమానయాన మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

2016 మే 24న పట్నా నుంచి ఢిల్లీకి రోగిని తీసుకొస్తున్న కింగ్ ఎయిర్ సీ-90 ఎయిర్ అంబులెన్స్‌కు గాలిలోనే రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్లు నజఫ్‌గఢ్ దగ్గర పొలాల్లో దించారు. విమానం దెబ్బతింది. లోపలున్న ఏడుగురూ బతికారు.

రెండూ ఆగితే పైలట్‌కు సందేహం ఉండదు, దిగాల్సిందే. ఒక్కటే ఆగినప్పుడే అసలు చిక్కు. రెండోది ఉంది కదా అన్న ధీమాతో విమానాన్ని పైకి లాగబోతాడు. సగం శక్తి పోతే పైకెక్కే సామర్థ్యం కూడా సగమే పోదు, 80 శాతానికి పైగా పోతుంది. మట్టంగా ఎగరడానికి కావాల్సింది పోగా మిగిలిన శక్తే విమానాన్ని పైకెక్కిస్తుంది మరి. మన ఫ్లయింగ్ స్కూళ్లలో తిరిగే సెనెకా లాంటి విమానాల తరగతికి, అంటే 6,000 పౌండ్ల లోపు బరువుండి నెమ్మదైన వేగంలోనే స్టాల్ అయ్యే (రెక్కలు విమానాన్ని నిలబెట్టలేకపోయే) వాటికి, ఒక ఇంజన్‌తో ఎక్కి తీరాలన్న షరతు అమెరికా పాత నిబంధనల్లో లేనే లేదు. ఎంత ఎక్కుతుందో, ఎంత దిగిపోతుందో లెక్కగట్టి రాస్తే సరిపోయేది. చార్టర్ విమానమో, ఎయిర్ అంబులెన్సో ఎక్కే సామాన్యుడికి ఈ సంగతి ఎవరు చెబుతారు?

దీనికి మన ఎండలు తోడు. బేగంపేట రన్‌వే సముద్ర మట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తులో ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల వేడిలో అక్కడి గాలి పలచబడి, విమానం 5,000 అడుగులు దాటిన చోట ఉన్నట్టే నడుస్తుంది. పొద్దున్నే చల్లగాలిలో ఒక ఇంజన్‌తో ఎక్కిన విమానం అదే రోజు మధ్యాహ్నం ఎక్కకపోవచ్చు.

ఇక అదుపు సంగతి. ఒక ఇంజన్ ఆగగానే ముక్కు ఆ వైపు తిరుగుతుంది, వెంటనే రెక్క వాలుతుంది. వేగసూచిక మీద ఎర్ర గీత కన్నా వేగం తగ్గిందా, రడ్డర్ పూర్తిగా తొక్కినా విమానం మాట వినదు, బోల్తా పడుతుంది. ఒక ఇంజన్‌తో బాగా ఎక్కగల వేగాన్ని చూపే నీలి గీత దగ్గర వేగాన్ని నిలబెట్టాలి, ఆగిన ఇంజన్ ఏదో గుర్తించాలి, దాని ప్రొపెల్లర్‌ను ఫెదర్ చేయాలి, అంటే దాని రెక్కలు గాలికి అడ్డుపడకుండా తిప్పాలి. అంతా కొన్ని సెకన్లలోనే. 2015 ఫిబ్రవరి 4న తైపేలో ట్రాన్స్‌ఏషియా ఏటీఆర్ పైలట్లు ఆ తొందరలో బాగున్న ఇంజన్‌నే ఆపేశారు, 43 మంది చనిపోయారు. అది పెద్ద ఎయిర్‌లైన్ విమానం, కాక్‌పిట్‌లో ఒకరికి మించి ఉన్నారు. ఒంటరిగా నడిపే చిన్న విమానంలో ఆ పనులన్నీ ఒక్కరి మీదే పడతాయి.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మల్టీ ఇంజన్ రేటింగ్ ఇచ్చేముందు, నేల విడిచిన మరుక్షణం ఇంజన్ ఆగే సన్నివేశాన్ని ప్రతి విద్యార్థి చేతా సిమ్యులేటర్‌లో చేయించండి. నిజమైన విమానంలో అంత తక్కువ ఎత్తున ఇంజన్ శక్తి తగ్గించి నేర్పడం ప్రాణాలతో చెలగాటం. ఆ సిమ్యులేటర్ పరీక్షల్లో కొన్నింటికి, రెండు థ్రాటిళ్లూ వెనక్కి లాగి ఎదురుగా ఉన్న నేల మీద దించేయడమే సరైన జవాబు కావాలి. ఎలాగైనా ఎక్కించినవాడికే మార్కులన్న ఆలోచన పోవాలి. చార్టర్లు, ఎయిర్ అంబులెన్సులు నడిపేవారికి ఈ సాధన ఏటా తప్పనిసరి చేయండి.

మీ శాఖ కిందే ఉన్న ప్రమాదాల దర్యాప్తు సంస్థ చేత చిన్న విమానాల ప్రమాద నివేదికలను, విద్యార్థి పైలట్లు కూర్చుని చదువుకునే భాషలో, తెలుగు సహా భారతీయ భాషల్లో క్లుప్తంగా రాయించండి.

ఇంకొక్కటి. పొలంలో దించి ప్రాణాలు కాపాడిన పైలట్‌ను, విమానం ఎందుకు పాడైందని మొదటి ప్రశ్నగా అడగొద్దని ఆపరేటర్లకు స్పష్టంగా చెప్పండి. ఆ ప్రశ్నకు భయపడే పైలట్ రన్‌వే దాకా లాగాలని చూస్తాడు.

గౌరవంతో,
ఒక తెలుగు పాఠకుడు