తప్పుడు కాటా

మొన్న మహిళా దినోత్సవానికి ఒక బడిలో సభ పెడితే వెళ్లాను. వక్త మేరీ కోమ్ పేరెత్తారు. కవల పిల్లల్ని కన్నాక కూడా ప్రపంచ విజేతగా నిలిచిన మాతృమూర్తి అన్నారు. ఇల్లూ వాకిలీ చక్కదిద్దుకుంటూనే ఏదైనా సాధించవచ్చని నిరూపించింది, మీరూ ఆ దారిలో నడవాలి అన్నారు. ముందు వరసలో కూర్చున్న ఎనిమిదో తరగతి ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు. పది నిమిషాల ప్రసంగంలో ఆమె రింగులోకి దిగి ఏం చేసేదో ఒక్క మాట రాలేదు. ఆ పిల్లలకు మేరీ కోమ్ ఒక అమ్మగా పరిచయమైంది. బాక్సర్‌గా కాలేదు.

ఆ వక్త ఒక్కరిదే తప్పని అనను. పత్రికలూ టీవీలూ ఏళ్ల తరబడి ఆమెను చూపిస్తున్నది ఇలాగే. ‘సూపర్ మామ్’ అన్న బిరుదు ఆమె పేరుకు ఇంటిపేరులా అతుక్కుపోయింది. ఈ పొగడ్త ఆమెకు అన్యాయం చేస్తోందని నా వాదన. ఆమె విద్యను కప్పిపుచ్చుతోంది. ఆమెకు నిజంగా అడ్డుపడినవేవో మనకు కనబడనివ్వడం లేదు.

ముందు తేదీలు చూడండి. మణిపూర్‌లో చురాచాంద్‌పూర్ జిల్లా కాంగతేయి గ్రామం ఆమెది. తల్లిదండ్రులు పోడు వ్యవసాయం చేసిన కౌలు రైతులు. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో అదే రాష్ట్రానికి చెందిన డింకో సింగ్ బాక్సింగ్ స్వర్ణం గెలిచాడు. అది చూసి ఆమె పరుగు పందేలూ జావెలినూ వదిలి గ్లవ్స్ తొడిగింది. 2001లో మొట్టమొదటి మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగితే అందులో రజతం తెచ్చుకుంది. 2002లో స్వర్ణం, 2005లో స్వర్ణం, 2006లో ఢిల్లీలో స్వర్ణం. కవలలు పుట్టింది 2007లో. అంటే తల్లి కాకముందే ఆమె మూడుసార్లు జగజ్జేత. ఆ తర్వాత 2008, 2010, 2018లలో మరో మూడు స్వర్ణాలు గెలిచింది. అమ్మతనమే ఆమె బలమైతే మొదటి మూడూ ఎక్కడి నుంచి వచ్చినట్టు?

ఆమె జీవితం మీద 2014లో వచ్చిన హిందీ సినిమా పతాక సన్నివేశం గుర్తు చేసుకోండి. 2008 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్. బిడ్డ గుండెకు చిల్లు పడిందని భర్త చెబుతాడు. ఆ దిగులుతో రింగులోకి దిగిన తల్లి గట్టి దెబ్బ తింటుంది. రిఫరీ అంకెలు లెక్కపెడుతుంటే జనం మధ్యలో భర్తా పిల్లలూ నిలబడినట్టు కనబడుతుంది. లేచి గెలుస్తుంది. కొడుకు గుండె ఆపరేషన్ నిజమే గానీ అది మరో ఏడాది, మరో పోటీ నాటి మాట. 2008 ఫైనల్లో ఆమె ప్రత్యర్థి రుమేనియాకు చెందిన స్టెలుటా దూతా. 2006 ఫైనల్లోనూ దూతాయే, 2010 ఫైనల్లోనూ దూతాయే. ఒకే మనిషితో మూడు ప్రపంచ ఫైనళ్లు ఆడి మూడూ గెలవాలంటే కళ్ల ముందు కుటుంబం కదలాడితే చాలదు. ఎదుటి మనిషి నాలుగేళ్ల పాటు కొత్త ఎత్తు వేసుకుని వస్తుంటే దానికి ప్రతిసారీ పైఎత్తు సిద్ధం చేసుకోవాలి. సినిమా తీయదగిన కథ అది. మనవాళ్లు పక్కన పెట్టింది దాన్నే.

ఆమె ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. ఆమె బౌట్ ఏదైనా ఒకటి పెట్టుకుని చేతుల్ని వదిలేసి కాళ్లు చూడండి. పొడుగు చేతుల ప్రత్యర్థిని ముందుకు రానిస్తుంది. ఆ పంచ్ తనకు అందకుండా ఒక్క అడుగు వెనక్కి వేస్తుంది. ప్రత్యర్థి చెయ్యి తిరిగి గడ్డం దగ్గరికి చేరేలోపు లోపలికి దూరి రెండో మూడో పంచ్‌లు వేసి పక్కకు తప్పుకుంటుంది. చదరంగంలో అయితే దీన్ని మేధ అంటాం. ఆమె దగ్గరికి వచ్చేసరికి గుండె ధైర్యం, తల్లి మనసు అంటున్నాం.

ఇక ఆమెకు అడ్డుపడిందేమిటి? కాటా. 2012 లండన్‌లో మహిళల బాక్సింగ్ మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది. మగవాళ్లకు పది బరువు విభాగాలుంటే ఆడవాళ్లకు మూడే ఇచ్చారు: 51, 60, 75 కిలోలు. మేరీ కోమ్ అంతవరకూ ప్రపంచ విజేతగా నిలిచింది 45, 46, 48 కిలోల్లో. ఒలింపిక్స్ ఆడాలంటే 51కి ఎక్కాలి. 46 కిలోల మనిషికి ఐదు కిలోలంటే ఒంట్లో పదో వంతు కన్నా ఎక్కువ. అది ఊరికే తిని పెంచుకునే బరువు కాదు, పాదాల వేగం తగ్గకుండా పెంచుకోవలసిన బరువు. పైగా ఆ విభాగంలో ఎదురయ్యేవాళ్లు పుట్టుకతోనే ఆమె కన్నా పొడుగు. లండన్‌లో తొలి బౌట్ పోలండ్‌కు చెందిన కరోలినా మిఖాల్‌చుక్‌తో పడింది. ఆమె 54 కిలోల్లో ప్రపంచ విజేత. ఒకరు పై నుంచి దిగివచ్చారు, ఒకరు కింది నుంచి ఎక్కివచ్చారు. వాళ్లిద్దరూ ఒకే రింగులో నిలబడింది మధ్యలో విభాగాలు లేకపోవడం వల్ల. మేరీ కోమ్ 19-14తో గెలిచింది. ఆ రోజు కవలల పుట్టినరోజు కూడా. అందరం ఆ పుట్టినరోజు గురించి మురిసిపోయాం. ఆ ఎత్తు తేడా ఎందుకొచ్చిందని అడిగినవాళ్లు నాకు కనబడలేదు. సెమీస్‌లో బ్రిటన్ బాక్సర్ నికోలా ఆడమ్స్ చేతిలో 6-11తో ఓడి కాంస్యంతో తిరిగివచ్చింది. ఆడమ్స్ స్వర్ణం గెలిచింది. 2016 రియోకు కూడా అవే మూడు విభాగాలు. ఈసారి మేరీ కోమ్ అర్హత సాధించలేకపోయింది.

తల్లి అయ్యాక తిరిగి రావడం చిన్న సంగతా అని అడుగుతారు. కానే కాదు. కాన్పు తర్వాత పొట్ట కండరాలు కూడగట్టుకుని మళ్లీ దెబ్బలు కాచుకోవడం ఎంత కష్టమో ఊహించగలను. ఆమే దాని గురించి గర్వంగా చెప్పుకుంది, ఆ హక్కు ఆమెది. కానీ మనం చేస్తున్నదేమిటి? పిల్లల బాధ్యత అప్పటి భర్త ఓన్లర్ భుజానికెత్తుకోబట్టి ఆమె శిబిరాలకు వెళ్లగలిగింది. అలాంటి భర్త దొరకని అమ్మాయి సంగతేమిటని అడగం. కాన్పయిన క్రీడాకారిణికి జీతం, వైద్యం, శిబిరంలో పిల్లలకు చోటు ఎవరు చూడాలని అడగం. అమ్మ అన్నీ చేసుకుంటుందని దండం పెట్టి తప్పుకుంటున్నాం. మన ఇళ్లలో అమ్మలకు చేస్తున్నదీ ఇదే.

ఈ అమ్మ బొమ్మ ఎంత ఇరుకైనదో మన తెలుగువాళ్లకు 2019లోనే తెలియాల్సింది. ఒలింపిక్ అర్హత పోటీలకు సెలెక్షన్ ట్రయల్స్ పెట్టాలని నిజామాబాద్ బిడ్డ, బాక్సర్ నిఖత్ జరీన్ అప్పటి క్రీడా మంత్రి కిరణ్ రిజిజుకు లేఖ రాసింది. ఆమె అడిగింది న్యాయం. ఎంత పెద్ద చాంపియన్‌కైనా ట్రయల్స్ ఉండాల్సిందే. డిసెంబరులో వాళ్లిద్దరికీ బౌట్ జరిగితే మేరీ కోమ్ 9-1తో గెలిచింది, కానీ చేయి కలపలేదు. అది నాకూ నచ్చలేదు. అయితే ఆ రాత్రి మనవాళ్లు రాసిన రాతలు చదివితే ఒకటే బాధ కనబడింది: అంత పెద్ద తల్లి ఇలా ప్రవర్తిస్తుందా అని. క్రికెటర్ కళ్లెర్రజేస్తే కసి అంటాం. ఇరవై ఏళ్లు ముష్టిఘాతాల మధ్య బతికిన మనిషికి కోపం ఉండకూడదట, ఆడమనిషి గనుక, అమ్మ గనుక. తప్పు జరిగిందనండి, ఒప్పుకుంటాను. బాక్సర్‌గా తప్పు చేసిందనండి.

ఆ నిఖత్‌కూ కాటా తప్పలేదు. 2022లో ఇస్తాంబుల్‌లో ఆమె ప్రపంచ స్వర్ణం గెలిచింది 52 కిలోల్లో. పారిస్ ఒలింపిక్స్ విభాగం 50. ఈసారి దిగాల్సి వచ్చింది.

2018 నవంబరు 24, ఢిల్లీ. 48 కిలోల ప్రపంచ ఫైనల్. ఎదురుగా ఉక్రెయిన్‌కు చెందిన హన్నా ఓఖోటా, మేరీ కోమ్ కన్నా పదేళ్లకు పైగా చిన్నది. మేరీ కోమ్ 5-0తో గెలిచి ఆరో స్వర్ణం అందుకుంది. మహిళల్లో అప్పటికి ఇంకెవరికీ అన్ని లేవు. రాబోయే టోక్యో ఒలింపిక్స్‌లో కూడా 48 కిలోల విభాగం లేదు. స్వర్ణం గెలిచిన ఆ రోజే, కళ్లు తుడుచుకుంటూ, ఆమె విలేకరులతో మాట్లాడింది 51 కిలోల గురించి.