భూమి దొరది, మేత ఊరిది

ఉమ్మడి భూమి అంటే సర్కారు భూమి అని మనలో చాలామంది అనుకుంటాం. ఇంగ్లండులో అలా కాదు. అక్కడ ‘కామన్’ అని పిలిచే భూమికి దాదాపు ఎప్పుడూ ఒక యజమాని ఉంటాడు. అది దొర కావచ్చు, ట్రస్టు కావచ్చు, స్థానిక కౌన్సిలు కావచ్చు. అయినా దాని మీద గొర్రెలు, పశువులు మేపుకునే హక్కు, వంటచెరుకు తెచ్చుకునే హక్కు, చేపలు పట్టుకునే హక్కు, బురద నేలల్లో పేరుకున్న పీట్ మట్టిని తవ్వి ఎండబెట్టి పొయ్యిలో వేసుకునే హక్కు చుట్టుపక్కల రైతులకు ఉంటాయి. యజమాని కాదనడానికి లేదు. ఇలాంటి భూమి ఆ దేశంలో ఇప్పటికీ సుమారు 9 లక్షల ఎకరాలుంది. మొత్తం విస్తీర్ణంలో అది 3 శాతం.

ఒకప్పుడు ఇంతకన్నా ఎన్నో రెట్లుండేది. 1604 నుంచి 1914 దాకా పార్లమెంటు 5,200కు పైగా చట్టాలు చేసి, సుమారు 68 లక్షల ఎకరాల ఉమ్మడి పొలాలకు, బీళ్లకు కంచెలు వేయించింది. చాలావరకు ఒక్కో ఊరి పేరు మీద ఒక్కో చట్టం. ఆ సభలో కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది భూస్వాములే కాబట్టి ఇందులో వింతేమీ లేదు. మేత పోయిన పేదరైతు కూలి అయ్యాడు, చాలామంది పట్నం దారి పట్టారు.

మిగిలిన 3 శాతం కూడా ఎవరూ దయతలచి వదిలింది కాదు. 1866లో బెర్క్‌హంస్టెడ్ ఊరి బయలుకు లార్డ్ బ్రౌన్‌లో ఇనుప కంచె వేయించాడు. అగస్టస్ స్మిత్ అనే పెద్దమనిషి లండన్ నుంచి 120 మంది కూలీలను రాత్రికి రాత్రి రైల్లో దింపి, తెల్లారేసరికి ఆ కంచె పీకించేశాడు. తర్వాత కోర్టులో కేసు కూడా గెలిచాడు. 1932లో కిండర్ స్కౌట్ కొండ మీదికి వందలమంది కార్మికులు నిషేధాన్ని లెక్కచేయకుండా ఎక్కారు. వాళ్లలో ఐదుగురు జైలుకు పోయారు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. 1878లో ఆ పార్లమెంటు లండన్ పక్కనున్న ఎపింగ్ అడవిని జనం కోసం ఎప్పటికీ కంచె లేకుండా ఉంచాలని చట్టం చేసింది. అదే 1878లో ఇక్కడ వాళ్ల ప్రభుత్వం భారత అటవీ చట్టం తెచ్చింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అక్కడ అడవి తెరిచిన చేత్తోనే ఇక్కడ మూశారు. పల్నాటి రైతులు పుల్లరి కట్టం అని ఎదురు తిరిగితే, 1922లో కన్నెగంటి హనుమంతును కాల్చి చంపారు.

ఇక నిబంధనల సంగతి. 2000 సంవత్సరంలో చేసిన చట్టం ప్రకారం రిజిస్టరులో ఉన్న ఉమ్మడి భూముల మీద, కొండల మీద, బయళ్ల మీద ఎవరైనా కాలినడకన తిరగవచ్చు. ఆ హక్కు నడకకే. బండి తేకూడదు, నిప్పు రాజేయకూడదు, గుడారం వేయకూడదు, వ్యాపారం చేయకూడదు. మార్చి 1 నుంచి జూలై 31 దాకా కుక్కను రెండు మీటర్లకు మించని తాడుతో పట్టుకునే నడవాలి. పశువులు, గొర్రెలు దగ్గర్లో ఉంటే ఏడాది పొడుగునా అంతే. ఎందుకంటే ఆ నెలల్లోనే నేల మీద పక్షులు గుడ్లు పెడతాయి, గొర్రెలు ఈనేదీ, పిల్లలు తల్లి వెంట తిరిగేదీ చాలాచోట్ల అప్పుడే. గొర్రెల కాపరి క్యాలెండరు చూసి చట్టం రాశారన్నమాట. నాకు బాగా నచ్చింది ఇదే. నిబంధన తప్పినవాడికి ఆ భూమి మీద 72 గంటల పాటు హక్కు పోతుంది. ఆ గంటలు ఎవరు లెక్కపెడతారో మాత్రం నాకు అర్థం కాదు! భూమి యజమాని కూడా ఏడాదికి 28 రోజులు జనాన్ని ఆపవచ్చు.

ఆపవచ్చు గానీ కంచె మాత్రం వేయలేడు. తన సొంత భూమే అయినా, అది కామన్ అయితే, కంచె వేయడానికీ కట్టడం కట్టడానికీ మంత్రి స్థాయి అనుమతి కావాలి. 2006 చట్టంలో ఇది స్పష్టంగా ఉంది. డార్ట్‌మూర్‌లో ఒక భూయజమాని జంట తమ నేల మీద జనం రాత్రిళ్లు పడుకోకూడదని కోర్టుకెక్కింది. అక్కడికి వేరే చట్టం ఉంది, 1985 నాటిది. 2025 మేలో వాళ్ల సుప్రీంకోర్టు ఆ జంటకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది.

అన్నిటికన్నా మనం గట్టిగా పట్టుకోవాల్సింది 1965 నాటి రిజిస్ట్రేషన్ చట్టం. ఏది కామన్, దాని మీద ఎవరికి ఏ హక్కు, ఎన్ని గొర్రెలు, ఎన్ని పశువులు, అన్నీ సంఖ్యతో సహా రిజిస్టరులో రాయించుకోమన్నారు. గడువు 1970తో ముగిసింది. రాయించుకోనివాళ్ల హక్కు పోయింది. తాతల నాటి నుంచి మేపుతున్నామన్న మాట పనికిరాలేదు. కొందరు ఆశకొద్దీ గడ్డి పుట్టేదాని కన్నా ఎక్కువ గొర్రెలు రాయించారు, ఆ తలనొప్పి ఇప్పటికీ ఉంది. అయినా రాసిన హక్కు నిలబడింది.

మన రికార్డు తీసి చూడండి. మేత పోరంబోకు అనో, బంచరాయి అనో భూమి పేరు ఉంటుంది. దాని మీద ఏ కులవృత్తివాళ్లు, ఎన్ని జీవాలు మేపుతున్నారో ఒక్క అక్షరం ఉండదు. అందుకే రేపు ఏదో పరిశ్రమకని ఆ భూమి తీసుకుంటే పట్టా రైతుకు నష్టపరిహారం లెక్క కడతారు. గొర్రెల కాపరి లెక్కలోకే రాడు. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో మన సుప్రీంకోర్టు గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. కానీ ఎవరు వాడుకుంటున్నారన్నది కాగితం మీద లేకపోతే, ఆక్రమణ తీసేశాక ఆ భూమి మళ్లీ మందకే వస్తుందని నమ్మకమేమిటి?

వచ్చే గ్రామసభలో ప్రతి ఊరి కమిటీ రెండు పనులు చేయాలని నా ప్రతిపాదన. ఊళ్లోని మేత భూముల సర్వే నంబర్లు, విస్తీర్ణం అడిగి రాయించుకోవాలి. వాటి మీద ఏ ఇంటివాళ్లు ఏ నెలల్లో ఎన్ని జీవాలు తోలుతున్నారో పట్టిక వేసి, తీర్మానంగా మినిట్స్ పుస్తకంలో ఎక్కించాలి. సెక్రటరీ సంతకంతో ఒక కాపీ తహసీల్దారుకు ఇచ్చి రసీదు తీసుకోండి, ఇంకో కాపీ సంఘం ఆఫీసుకు పంపండి.