వేలు అరిగితే పేరు పోతుందా?

ఈ నెల మన మాట "వేలిముద్ర". తెలుగు పల్లెల్లో ఒకప్పుడు చదువు రానివాణ్ణి "వేలిముద్రగాడు" అనేవారు. సంతకం రాదు కాబట్టి బొటనవేలికి సిరా పూసి కాగితం మీద నొక్కేవాడు. ఇప్పుడు భారతదేశంలో ప్రొఫెసరైనా పాలేరైనా వేలిముద్ర వెయ్యాల్సిందే. కారణం ఆధార్.

ఆధార్ అంటే 12 అంకెల సంఖ్య. 2010 సెప్టెంబరులో మహారాష్ట్రలోని తెంభ్లీ అనే గ్రామంలో మొదటిది ఇచ్చారు. ఇప్పటికి 130 కోట్లకు పైగా ఇచ్చారు. పది వేళ్ల ముద్రలు, రెండు కనుపాపల చిత్రాలు, ముఖం ఫొటో తీసుకుంటారు. ఆ అంకెల్లో మీ ఊరుగానీ, కులంగానీ, వయసుగానీ దాగి ఉండవు. చివరి అంకె మాత్రం మిగతా 11 అంకెల నుంచి లెక్క కట్టి పెట్టేది. ఎక్కడైనా ఒక అంకె తప్పు రాస్తే అది పట్టిస్తుంది. లెక్కల టీచర్లకు నచ్చే సంగతి!

యంత్రం చేసే పోలికలు రెండు. కొత్తవాడు చేరినప్పుడు అతని ముద్రల్ని అంతకుముందు చేరిన అందరి ముద్రలతోనూ పోల్చాలి, ఎందుకంటే ఒక మనిషికి రెండు సంఖ్యలు రాకూడదు. వంద మందిలో కనబడని చిన్న పొరపాటు వంద కోట్ల మందిలో పెద్దదవుతుంది. అందుకే వేళ్లు చాలవని కళ్లు కూడా కలిపారు. రెండోది రోజూ జరిగే పోలిక. మనం సంఖ్య చెప్పి వేలు పెడితే, యంత్రం "అవును" అనో "కాదు" అనో అంటుంది.

అసలు బాధ ఈ రెండోదానిలోనే ఉంది. రేషన్ షాపులో చౌక బియ్యం కావాలంటే డీలరు దగ్గరున్న చిన్న యంత్రం మీద వేలు పెట్టాలి. ఇటుకలు మోసినవాళ్లకు, నాట్లు వేసినవాళ్లకు, ముసలివాళ్లకు వేలిగీతలు అరిగిపోతాయి. యంత్రం "కాదు" అంటుంది. ఒక్కోసారి వేలు బాగానే ఉంటుంది, సిగ్నలే ఉండదు. నూనె రాసి, కడిగి, తుడిచి, ఇంకో వేలు పెట్టి చూస్తారు. వేలు పడకపోతే కన్ను చూపవచ్చు, వేరే దారిలోనైనా బియ్యం ఇవ్వాలని నిబంధనలు కూడా ఉన్నాయి. కానీ నిబంధన కాగితం మీద ఉంటుంది, ముసలమ్మ వరుసలో ఉంటుంది. రేపు రమ్మంటే ఆమెకు ఒక రోజు కూలి పోయినట్టే.

2017లో ఝార్ఖండ్‌లోని సిండేగా జిల్లాలో పదకొండేళ్ల పాప చనిపోయింది. ఆధార్‌తో కలపలేదని రేషన్ కార్డు రద్దు చేశారని, పాప ఆకలితో పోయిందని తల్లి చెప్పింది. మలేరియా వల్ల అని అధికారులు అన్నారు. దొంగ కార్డులు తీసెయ్యడం మంచి పనే, కాదనను. అయితే ఏరేటప్పుడు రాయితో పాటు గింజ కూడా పోతే, ఆ గింజ ఒక మనిషి.

2018 సెప్టెంబరు 26న అయిదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు ఆధార్ చెల్లుతుందన్నారు. ప్రైవేటు కంపెనీలు దాన్ని అడగడం మాత్రం కుదరదన్నారు. అయిదో న్యాయమూర్తి చంద్రచూడ్ మొత్తం చట్టమే చెల్లదని రాశారు.

మన మారిషస్‌లోనూ ఈ గొడవ జరిగింది, గుర్తుందా? 2013లో కొత్త కార్డు కోసం అందరం వేళ్లు ఇచ్చాం. ఒక పౌరుడు కోర్టుకు వెళ్లాడు. 2015లో మన సుప్రీంకోర్టు వేలిముద్ర తీసుకోవచ్చుగానీ, ప్రభుత్వం వాటిని ఒకచోట పోగుచేసి దాచుకోవడం రాజ్యాంగానికి సరిపడదంది. తర్వాత లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ కూడా ఆ తీర్పును మార్చలేదు. 2021లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ ఇంకో అడుగు ముందుకు వేసి, కార్డులో ముద్ర దాచడానికి కూడా తగిన రక్షణ లేదని తప్పుపట్టింది. పన్నెండు లక్షల మంది దేశానికే ఇంత తర్జనభర్జన అయితే, అక్కడి సంగతి ఊహించండి.

సంఖ్య మనకు కొత్త కాదు. ఓడ దిగిన మన ముత్తాతలకు ఒక్కొక్కరికి ఒక నంబరు ఇచ్చారు. 1867 చట్టం కింద, ఒప్పందం ముగిసిన కూలీలు కూడా ఫొటో అంటించిన పాసు జేబులో పెట్టుకు తిరగాలి. లేకపోతే పోలీసు పట్టుకుంటాడు. ఆ వేధింపుల మీదే 1871లో తొమ్మిది వేల మందికి పైగా అర్జీ పెట్టుకున్నారు. అదే నంబరు పట్టుకుని ఈరోజు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌కి వెళితే, తాత ఊరు, ఓడ పేరు దొరుకుతాయి. కావలి కాయడానికి పెట్టిన నంబరే మనకు వంశవృక్షం అయింది.

ఆ పాత రిజిస్టర్లలో నాయుడు "నాయిడూ" అయ్యాడు, అప్పడు "అప్పాడూ" అయ్యాడు. ఆధార్‌లోనూ అదే తంటా. లక్ష్మి పేరును ఇంగ్లీషులో రెండు మూడు రకాలుగా రాస్తారు. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకో కాగితంలో వెనక ఉంటుంది. పుట్టినరోజు తెలియని పెద్దలకు జనవరి 1 అని వేశారు. బ్యాంకులో ఒక పేరు, కార్డులో ఇంకో పేరు ఉంటే పెన్షను ఆగుతుంది, ఆ ఒక్క అక్షరం దిద్దించడానికి కేంద్రం చుట్టూ తిరగాలి.

ఓసీఐ కార్డు తీసుకుంటే ఆధార్ కూడా వస్తుందా అని కొందరు పాఠకులు అడిగారు. దానంతట అది రాదు. అడిగేముందు పన్నెండు నెలల్లో 182 రోజులు అక్కడ నివసించి ఉండాలి. ఉగాదికి వెళ్లి తిరిగి వచ్చేవాళ్లకు అవసరం లేదు.