గాలి బిగించిన కవచం

1981 సెప్టెంబర్ 13న ఇటలీలోని మోంజాలో గ్రాండ్ ప్రీ కారు పందెం జరుగుతున్నది. జాన్ వాట్సన్ నడుపుతున్న మెక్‌లారెన్ కారు ఒక మలుపులో అదుపు తప్పి వెనుకకు తిరిగి అడ్డుకట్టను ఢీకొన్నది. ఇంజను ఉన్న వెనుక భాగం మొత్తం తెగి వేరైపోయింది. వాట్సన్ మాత్రం గాయమన్నది లేకుండా తన కాళ్ల మీద నడిచి వచ్చాడు.

ఆయన కూర్చున్న గూడు లోహపు రేకుతో చేసినది కాదు. కార్బన్ పీచును జిగురుతో కలిపి, పొరలుగా పరచి, అచ్చు మీద గట్టిపరచినది. దాని రూపకర్త జాన్ బర్నార్డ్. తయారైనది అమెరికాలోని సాల్ట్‌లేక్ సిటీలో, రాకెట్ పనిలో ఆరితేరిన హెర్క్యులిస్ సంస్థలో. దెబ్బ తగిలితే ఇటువంటి గూడు గాజులా పొడి అవుతుందని అనేకులు అప్పటివరకు శంకించారు. ఆ శంక నిరాధారమేమీ కాదు. రోల్స్‌రాయిస్ సంస్థ తన ఆర్‌బీ 211 విమానపు ఇంజనుకు కార్బన్ పీచు రెక్కలు అమర్చబోగా, 1970లో పక్షి తాకిడి పరీక్షకు అవి నిలువలేదు. టైటానియం వైపు మళ్లవలసి వచ్చింది. ఆ ఇంజను ఖర్చు తడిసి మోపెడై 1971 ఫిబ్రవరిలో సంస్థే దివాలా తీసింది.

ఈ పీచు మందం మిల్లీమీటరులో వెయ్యింట ఏడు వంతులు. తల వెంట్రుకలో పదో వంతు. లాగితే ఉక్కుకు తీసిపోదు. అయితే ఒంటరిగా అది ఉత్త దారమే; నొక్కితే వంగిపోతుంది. దానిని నిలబెట్టేది జిగురు. ఆ జిగురు ఎక్కువైతే బలం చేకూరదు, బరువు మాత్రం పెరుగుతుంది. పొరల మధ్య గాలి బుడగ మిగిలితే పగులు అక్కడే మొదలవుతుంది. కనుక పొరలను గట్టిగా అదమాలి. వంపులు, మూలలు ఉన్న వస్తువును ఏ బిగింపు పరికరం అన్ని వైపులా సమంగా అదమగలదు?

దానికి దొరికిన ఉపాయం చాలా చవకైనది. అచ్చుకు మైనం పట్టించి, జిగురు తడిపిన గుడ్డ పొరలు పరుస్తారు. వాటి మీద అంటుకోని పలుచని గుడ్డ, ఆపైన మిగులు జిగురును పీల్చే దూది పరుపు. అన్నింటినీ ప్లాస్టిక్ పొరతో కప్పి, అంచులను బంక పట్టీతో మూసి, పంపుతో లోపలి గాలిని తోడివేస్తారు. అంతే, మనందరి నెత్తిన నిత్యం ఉన్న వాతావరణమే పనిలోకి దిగుతుంది. చదరపు మీటరుకు సుమారు 10 టన్నులు, అంటే రెండు ఏనుగుల బరువు! అదీ ప్రతి వంపులోనూ సమానంగా. పాత ఫ్రిజ్ కంప్రెసరునే పంపుగా వాడుకునే చిన్న కార్ఖానాలవారూ ఉన్నారు.

పనితనమంతా సంచి దగ్గరే తెలుస్తుంది. సంచిని బిగుతుగా వేస్తే లోతైన మూలల్లోకి దిగక వంతెనలా నిలిచిపోతుంది. దాని కింద జిగురు మడుగు కడుతుంది. అందుకే మూలల దగ్గర కుచ్చిళ్లు పెట్టి వదులు ఉంచుతారు. సూదిమొన అంత రంధ్రం ఉన్నా గాలి లోనికి చొరబడుతుంది. పంపును ఆపి, మీటరు ముల్లు కదులుతున్నదా అని చూస్తారు. అంచుల వెంట చెవి ఒగ్గి బుసను వెదుకుతారు. జిగురు గడ్డకట్టే లోపలే ఇదంతా ముగియాలి. ఆలస్యమైతే గుడ్డ, జిగురు, రోజు కూలి అన్నీ వృథాయే.

విమాన భాగాలకు ఈ ఒత్తిడి ఒక్కటే చాలదు. అదే సంచిని ఆటోక్లేవ్ అనే పెద్ద కొలిమిలో పెట్టి, వేడితోపాటు అనేక రెట్లు ఒత్తిడి కలిగిస్తారు. బెంగుళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ ఈ విద్యను స్వయంగా అభ్యసించి, ఆటోక్లేవులను కూడా స్వదేశంలోనే రూపొందించింది. 2001 జనవరి 4న తొలిసారి ఎగిరిన మన తేలికపాటి యుద్ధవిమానానికి, తరువాత తేజస్ అని పేరు పెట్టిన దానికి, తోక మీది నిలువు రెక్క అక్కడ రూపుదిద్దుకున్నదే.