పెట్టె మారినా పేర్లు పోకూడదు



మన కుటుంబాల జాబితాను ఎక్సెల్ షీటులోనే ఉంచుదామా, కంప్యూటర్లో నల్ల తెర మీద కమాండు కొట్టి నడిపే స్క్రిప్టుకు మారుద్దామా అని మాట నడుస్తున్నది. పెద్దవాళ్ళలో చాలామంది "ఇంత తంటా ఎందుకు?" అంటున్నారు. మారడమే మంచిదని మా అభిప్రాయం. కారణం చెబుతాము.

తమిళనాట మన పేరు ముందు ఉండేది తండ్రి పేరులోని మొదటి అక్షరం. బళ్ళోనూ ఉద్యోగంలోనూ అంతే. తండ్రికి ఒక ఇనీషియల్, కొడుక్కి ఇంకొకటి. తమిళ మీడియంలో చదివిన మాబోటివాళ్ళకు ఇంటిపేరు వినబడేది పెళ్ళి మాటల్లోనే. ఇక మనవళ్ళను అడిగితే మన ముఖం చూస్తారు.

షీటులో ఇంటిపేరుకు ఒక కాలమ్ పెట్టొచ్చు కదా అంటారు. పెట్టొచ్చు. కానీ ప్రతి వరుసలోనూ మళ్ళీ మళ్ళీ కొట్టాలి. ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా రాస్తే ఒకే ఇల్లు రెండిళ్ళవుతుంది. జేసన్ అనే మామూలు అక్షరాల ఫైలులో జాబితా లోపల జాబితా ఇముడుతుంది: ఊరు, దాని లోపల ఇంటిపేరు, దాని లోపల ఇల్లు, ఇంట్లో మనుషులు. ఆడపిల్ల పెళ్ళయి పోతే స్క్రిప్టు ఒక్క కమాండుతో, అదే సభ్యత్వ నంబరుతో, అత్తవారింటి కిందికి మారుస్తుంది. పుట్టింటి పేరు పక్కనే నిలుస్తుంది.

మరి డాకర్ ఎందుకు? రైల్వేవాళ్ళకు కంటైనర్ కొత్త కాదు. ఓడలో వచ్చిన పెట్టెను విప్పకుండానే వ్యాగన్ మీద, తర్వాత లారీ మీద పెడతారు. 2013లో వచ్చిన డాకర్‌దీ అదే ఉపాయం. స్క్రిప్టు, దానికి కావలసిన పైథాన్ సరంజామా అంతా ఒకే పెట్టెలో ఉంటుంది. డాకర్ ఉన్న ఏ శాఖ కంప్యూటర్లోనైనా ఒకే తీరున నడుస్తుంది. రాసిన పిల్లవాడు విదేశం పోయినా పని ఆగదు.

అయితే మూడు షరతులు పెట్టుకోవాలి.

ఒకటి, జాబితా పెట్టె లోపల ఉండకూడదు. కంటైనర్‌ను తీసేస్తే లోపల రాసినదీ పోతుంది. బయటి ఫోల్డరును వాల్యూమ్‌గా తగిలించి, ఫైలు అందులోనే ఉంచాలి. సరుకు వ్యాగన్‌లో పోయినా ఆర్.ఆర్. మన చేతిలో ఉండాలి కదా!

రెండు, 'లేటెస్ట్' అని వదిలేయకుండా ఇమేజ్ వెర్షన్ నంబరు రాసిపెట్టాలి. లేకుంటే ఒక్కో కంప్యూటర్లో ఒక్కో సరుకు దిగవచ్చు.

మూడు, ఏ కమాండు ఏం చేస్తుందో తెలుగులోనూ తమిళంలోనూ రాసి మినిట్స్ పుస్తకంలో అతికించాలి. ఇద్దరైనా నేర్చుకోవాలి. అందులో ఒకరు అరవై దాటినవారు కావాలి. ఎందుకంటే కమాండ్లు తెలిసింది పిల్లలకు, పేర్లు తెలిసింది పెద్దలకు.

రేపు డాకర్ పోయి ఇంకొకటి రావచ్చు. ఆ ఫైలును మాత్రం అప్పుడూ నోట్‌ప్యాడులో తెరిచి చదువుకోవచ్చు. ఇంటిపేర్లు తెలిసిన పెద్దలు మన మధ్య ఉండగానే వాటిని అందులో ఎక్కించాలి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ సంగతి తేల్చుదాం.