పటాలము విడిచినను విడువని బంధము

సికింద్రాబాదులోని పశ్చిమ మారేడ్‌పల్లి వీథులలో గేట్లకు తగిలించిన పేరు పలకలను చదువుకొనుచు నడచువానికి ఒక విశేషము స్ఫురింపక మానదు. ప్రభుత్వ శాఖలలో ఎంతటి పెద్ద పదవిని నిర్వహించినవారైనను ఉద్యోగ విరమణము చేసిన సాయంకాలమే ఆ పదవి పేరును కుర్చీతోపాటు మరియొకరికి అప్పగించి వట్టి పేరుతో ఇల్లు చేరుకొందురు. సైన్యమునుండి వచ్చిన అధికారి మాత్రము కర్నలుగానో, బ్రిగేడియరుగానో, వింగ్ కమాండరుగానో ఇల్లు చేరి తుదివరకు అట్లే ఉండును. ‘రిటైర్డు’ అను ముక్క పేరు చివర రావలెనే గాని హోదా ప్రక్కన రాకూడదని సైన్యము పాటించు మర్యాద; కొలువు చాలించినవాడు మనిషియే గాని హోదా కాదని దాని తాత్పర్యము. దీనిని డంబమని నవ్వువారు కలరు. నాకు మాత్రము ఆ పలక దారిన పోవు మనవంటివారికై కట్టినదిగా తోచదు. అది ఆ వీథిలోనే నివసించు మరియొక మాజీ సైనికునికై కట్టినది. దానిని చూచినంతనే ఆ ఇంటివాడు ఏ కాలమువాడో, ఏ సరిహద్దున ఎన్ని శీతకాలములు గడపియుండునో ఊహించుకొని, చొరవగా తలుపు తట్టగలవాడు వాడొక్కడే.

సైనికుల ఆజీవన గర్వమును గూర్చి పత్రికలలో వ్రాయువారు సాధారణముగ దేశభక్తి ఒక్కటే దానికి మూలమని చెప్పి ఊరకుందురు. దేశభక్తి వారికి లేదని యెవరనగలరు? కాని అది రైతునకును, బడిపంతులునకును ఉండదగినదే. సైనికుని గర్వమునకు అంతకు మించి సాక్షులు కావలెను. ఆ సాక్షులు ఒకే గుడారములో పండుకొని, ఒకే పళ్లెమునుండి పంచుకొని తిని, ఒకే గుండునకు తలలు వంచినవారై యుండవలెను. అట్టివారు చెంతనున్నచోట గర్వము ముదిమియందును వాడకుండ నిలుచును; లేనిచోట అది ట్రంకుపెట్టెలోని పతకములతోపాటు మసకబారును. మారేడ్‌పల్లి మాజీ సైనికునికి సాక్షులు దొరకుదురు. మన పల్లెల మాజీ సైనికులలో అనేకులకు దొరకరు. ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ప్రధానముగ ఇంతియే.

మారేడ్‌పల్లికి ఆ భాగ్యము ఊరక కలుగలేదు. 1798 నాటి సంధి ననుసరించి నిజాము రాజ్యమున విడిసిన ఇంగ్లీషు కంపెనీ సేనల కొఱకు హుస్సేన్ సాగరమునకు ఉత్తరముగ ఏర్పడిన దండు, 1806లో మూడవ నిజాము సికందర్ జాహ్ పేర సికింద్రాబాదైనది. తిరుమలగిరి, బొల్లారము, పికెట్, మారేడ్‌పల్లి ఆ దండు చుట్టును పెరిగిన పేటలే. నేటికిని తూర్పు మారేడ్‌పల్లిని ఆనుకొని సైన్యపు ఆయుధ సామగ్రి శాఖయైన ఏ.ఓ.సి. సెంటరును, తిరుమలగిరిలో సైన్యపు ఇంజనీర్ల శాఖయైన ఇ.ఎం.ఇ. వారి శిక్షణాలయములును, మిలిటరీ ఆసుపత్రియు ఉన్నవి. బదిలీమీద వచ్చిన పంజాబీయులు, మలయాళీలు, కూర్గులు, మరాఠాలు ఈ ఊరి గాలికి అలవాటుపడి, ఆసుపత్రియు క్యాంటీనును దగ్గరనుండుట కనిపెట్టి, పింఛను పుచ్చుకొన్న పిమ్మట ఇచ్చటనే ఇండ్లు కట్టుకొనిరి. ఉత్తరపు దిక్కున సైనికపురి వంటి కాలనీలు వారి కొఱకే వెలసినవి. ఏ.ఓ.సి. ప్రాంతపు రోడ్లను సైన్యమువారు మూయుట, తెరచుటలను గూర్చి ఇరుగుపొరుగు పేటల పౌరులకు చిరకాలముగనున్న చిరాకు న్యాయమైనదే. ఆ రోడ్లు మూసినప్పుడు చుట్టు తిరిగిపోవుచు విసుగుకొనువారిలో మాజీ సైనికులును ఉందురని మాత్రము ఇచ్చట జ్ఞాపకము చేయుచున్నాను.

ఊళ్లు మరచినదానిని పటాలములు మరువవు అనుటకు ఈ నేల మీదనే ఒక నిదర్శనము కలదు. నిజాము దర్బారులో బ్రిటిషు రెసిడెంటుగనున్న హెన్రీ రస్సెల్ 1813లో కూర్చిన దళము హైదరాబాదు కంటింజెంటుగా విస్తరించి, 1903లో భారత సైన్యమున లీనమై, 1922లో 19వ హైదరాబాదు రెజిమెంటు అను పేరు ధరించెను. కాలక్రమమున అందలి సిపాయిలు అహీరులు, జాట్లు, హిమాలయ పాదమున నున్న కుమావూనీలు అగుటచే, 1945 అక్టోబరు 27న దానికి కుమావూన్ రెజిమెంటని మారుపేరు పెట్టిరి. నేడు హైదరాబాదులో ఆ పూర్వనామమును ఎఱిగినవారిని వేళ్లమీద లెక్కింపవచ్చును. రాణీఖేతులోని ఆ రెజిమెంటువారు మాత్రము తమ వంశచరిత్రను హైదరాబాదునుండియే మొదలు పెట్టుకొందురు. స్వతంత్ర భారతమున ప్రప్రథమ పరమవీరచక్రమును మరణానంతరము పొందిన మేజరు సోమనాథ్ శర్మ 1942లో అధికారిగా చేరినది ఈ హైదరాబాదు రెజిమెంటులోనే. 1947 అక్టోబరు చివర ఆయన కంపెనీని కాశ్మీరమునకు తరలించుచున్నప్పుడు, హాకీ ఆటలో విరిగిన ఎడమచేయి కట్టులోనుండగా, వైద్యులు వలదనినను, తన మనుష్యులు పోవుచుండగా తాను వెనుకనుండుటకు ఆయన సమ్మతింపలేదు. నవంబరు 3న బడ్గాములో ఆ కట్టుతోనే తుపాకులకు మందుగుండు అందించుచు మడిసెను. దేశరక్షణకు మరియొక అధికారిని పంపవచ్చును; ఆ కంపెనీకి మాత్రము ఆయనయే కావలెనని ఆయన యెంచెను. సైనిక స్నేహమనగా నేను గ్రహించినది అదియే.

ఈ స్నేహము తనంత తాను పుట్టునది కాదు; దానిని పుట్టించు యంత్రాంగము సైన్యమున బుద్ధిపూర్వకముగ నిర్మింపబడినది. సిపాయికి మొదట నేర్పునది నామ్, నమక్, నిషాన్ అను మూడు మాటలు: దళము పేరు, తిన్న ఉప్పు, ఎగురు పతాక. ఈ మూడింటిలో ఏదియు వ్యక్తిది కాదు. దళము అవతరించిన దినమున జరుగు బడా ఖానాలో అధికారులును జవాన్లును కలిసి భుజింతురు. ఎన్నడో పింఛను పుచ్చుకొని వెడలినవారు సైతము ఆ దినమునకు రైలెక్కి వత్తురు. మద్రాసు రెజిమెంటులో చేరిన తెలుగువాడు వెల్లింగ్టనులో అరవ నినాదముతో కవాతు చేసి, మలయాళి హవల్దారు తిట్లు తిని, హిందీ సగము సగముగ నేర్చి, పదునైదేండ్లకు మరలివచ్చునప్పటికి వాని భాష నాలుగు భాషల కలగూరగంపయై, అది వాని తోటివారికి తప్ప ఇంటివారికే పూర్తిగ బోధపడకుండును. ఒక బ్యాంకులో ముప్పది యేండ్లు ప్రక్క ప్రక్క బల్లలవద్ద కూర్చుండినవారు పింఛను పిమ్మట ఒకరింటికొకరు పోకుండుటయు, మూడేండ్లు ఒక పికెట్టులో కలిసియుండినవారు నలువది యేండ్ల తరువాత ఒకరి కూతురి పెండ్లికి ఒకరు మూడు రాష్ట్రములు దాటి వచ్చుటయు లోకమున మనము చూచుచున్నదే. మొదటివారు సజ్జనులు కారని కాదు; ఒకరి ప్రాణము మరియొకరి మెలకువ మీద ఆధారపడిన రాత్రి వారికి తటస్థింపలేదు.

ఇంతవరకు చెప్పినది ఎక్కువగ అధికారుల విషయమున చెల్లును. ఇక జవాను సంగతి. పింఛనుకు అర్హత నిచ్చు 15 ఏండ్ల సేవ ముగించి, ముప్పది యైదు, నలువది యేండ్ల వయస్సున, పిల్లలింకను బడిలోనుండగా ఆతడు ఊరు చేరును. వాని పటాలము వారొకడు నాగర్కోయిలులోను, మరియొకడు శ్రీకాకుళపు మారుమూలలోను ఉందురు. ఊరివారు వానిని ‘మిలిటరీ ఆయన’ అని పిలిచి గౌరవింతురు; ఆ గౌరవములో క్యాంటీను కార్డు మీద వచ్చు రమ్ము సీసా భాగమెంతయో ఆతనికి తెలియును గాని పైకి అనడు. కొలదికాలమునకు నగరమున ఏ బ్యాంకు వాకిటనో, ఏ అపార్టుమెంటు గేటువద్దనో నీలి చొక్కా తొడిగి నిలుచుండును. ఆ గేటులోనికి కారులో పోవు ఉద్యోగి వానిని ‘వాచ్‌మన్’ అని ఏకవచనమున కేక వేయును. ఆ వాచ్‌మన్ ఒకప్పుడు సియాచిన్ మంచులో పదిమంది ప్రాణములను కాచిన నాయకు కావచ్చునని ఆ ఉద్యోగికి తట్టదు. తట్టించువారు దగ్గర లేరు.

దీనికి విరుద్ధముగ పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెము మండలములోని మాధవరమును చూడుడు. మొదటి ప్రపంచ యుద్ధమునకు 90 మందిని, రెండవ దానికి 1,110 మందిని పంపినదని చెప్పుకొను ఆ గ్రామమును జనులు మిలిటరీ మాధవరమనియే పిలుతురు. అచ్చట సైనిక స్మారకము కలదు. తాతనుండి మనుమనివరకు సేనలో పనిచేసిన ఇండ్లు కలవు. పింఛను పుచ్చుకొని వచ్చిన జవానునకు ఆ ఊరి అరుగు మీదనే వాని సాక్షులు దొరకుదురు. ఏ కనుమ ఎత్తెంత, ఏ నెలలో దారి మూసికొనును అని చెప్పబోయిన మాటను మధ్యలోనే అందుకొనగల వృద్ధులు కూర్చుండియుందురు. మారేడ్‌పల్లి బంగళాలకును మాధవరపు పెంకుటిండ్లకును ఐశ్వర్యమున పోలిక లేదు. ఈ యొక్క విషయమున రెండును సమానములే.

స్నేహమును కీర్తించునప్పుడు దానియందలి బీటలను దాచుట న్యాయము కాదు. ఒకే హోదాకు ఒకే పింఛను కావలెనని 2015 జూనులో ఢిల్లీ జంతర్ మంతర్ వద్ద వృద్ధ సైనికులు కూర్చుండినప్పుడు అధికారులును జవాన్లును ఒకే శామియానా క్రింద నుండిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు 5న ప్రభుత్వము 2014 జూలై 1 నుండి అది వర్తించునట్లు ప్రకటించెను. అటు పిమ్మట, అందలి లాభము పైవారికి అధికముగను క్రిందివారికి అల్పముగను చేరినదని జవాన్లు 2023లో తాము వేఱుగ అచ్చటనే ఆందోళనకు దిగిరి. గుండ్ల వానలో నిలిచిన బంధము పింఛను పట్టికలవద్ద సడలుట విచారకరమే. అయినను వారి ఫిర్యాదు అసూయచే పుట్టినదని కొట్టివేయువారితో నేను ఏకీభవింపను. సమానమైన అపాయమును పంచుకొన్నవాడు లెక్కలు సరిచూచుకొనుట సహజము.

మన సంఘము మృతవీరులకు చేయు మర్యాదలలో లోపము చేయదు. పెరేడ్ గ్రౌండ్సులోని వీరుల సైనిక స్మారకమువద్ద పుష్పగుచ్ఛములు ఉంచుదురు. కార్గిలున 1999 జూన్ 28న నేలకొరిగి మహావీరచక్రము పొందిన మేజరు పద్మపాణి ఆచార్యను, వైమానిక దళాధికారి కుమారుడై హైదరాబాదుతో ముడివడిన ఆ యువకుని, ఈ నగరము తనవానిగనే తలచుకొనును. గల్వానులో 2020 జూన్ 15న మరణించిన కర్నలు సంతోష్ బాబు, కోరుకొండ సైనిక పాఠశాల విద్యార్థి, సూర్యాపేటలో విగ్రహమై నిలిచినాడు. ఇవి యోగ్యములైన పనులు. బ్రతికియున్న వారి విషయమున మాత్రము మన ఉత్సాహము చల్లారును. ఫీల్డు మార్షలు కరియప్ప 1953లో విరమించిన జనవరి 14ను మాజీ సైనికుల దినముగ పాటింతురని తెలుగువారిలో ఎందరెఱుగుదురు? ఆ నాడు మనకు భోగియో, సంక్రాంతియో అగుటచే అది ముగ్గులలోను గొబ్బెమ్మలలోను కలిసిపోవును. 1971 యుద్ధమునాడు పదునెనిమిదేండ్ల జవాను నేడు డెబ్బది దాటినవాడు. 1962, 1965 నాటివారిలో అనేకులు ఇప్పటికే గతించిరి. మారేడ్‌పల్లి కర్నలు తన జ్ఞాపకములను పుస్తకముగ అచ్చువేయించుకొనగలడు. గ్రామమునందలి లాన్సు నాయకు జ్ఞాపకములు వానితోనే పోవుచున్నవి. మన విశ్వవిద్యాలయముల చరిత్ర శాఖలు ఈ పనిని ఇంకను ఆలస్యము చేసినచో చేయుటకు పని మిగులదు.

ఈ ప్రశ్న వృద్ధులతో ముగియదు. 2022 జూన్ 14న అగ్నిపథ్ అను సైనిక నియామక పద్ధతి ప్రకటింపబడిన మూడు దినములకు, మారేడ్‌పల్లికి అనతిదూరముననున్న సికింద్రాబాదు స్టేషనులో రైలుపెట్టెలు తగులబడినవి. పోలీసు కాల్పులలో ఓరుగల్లు ప్రాంతపు యువకుడొకడు మరణించెను. ఆ దౌర్జన్యమును సమర్థింపజాలము. కాని సేనలో చేరుటకై ఏండ్ల తరబడి పరుగులు తీసిన పల్లె యువకుల నిరాశను అర్థము చేసికొనవలసియున్నది. నాలుగేండ్ల సేవ పిమ్మట నూటికి 25 మందికి మించకుండ నిలుపుకొని, తక్కినవారిని సేవానిధి సొమ్ముతో సాగనంపునట్టి ఈ పద్ధతిలో పింఛను లేదు, మాజీ సైనికుని హోదాయు లేదు. సేనకు యౌవనము కావలెనను వాదములో బలమున్నది. సైనిక శాస్త్రము నాకు తెలియదు గనుక దానిని త్రోసిపుచ్చను. అయితే ఇరువది రెండు, ఇరువది మూడేండ్ల ప్రాయమున మరలివచ్చు ఈ యువకుడు పటాలపు బంధమును రుచి చూచినవాడే. వానికి క్యాంటీను కార్డు లేకపోవుటకంటె, ఏ మాజీ సైనికుల సంఘపు పట్టికలోను పేరు లేకపోవుట ఎక్కువ బాధ కలిగించునని నా నమ్మకము.

కావున ఉభయ తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములకు నా విన్నపము ఇది: జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయములను దరఖాస్తులు పుచ్చుకొను కిటికీలుగ మాత్రమే ఉంచక, నెలకొకమారు మాజీ సైనికులు కలిసికొని కూర్చుండుటకు ఒక గదిని అందు కల్పింపుడు, ఏ గ్రామమున ఏ దళమువాడున్నాడో తెలుపు పట్టికను, వారి సమ్మతితో, పరస్పరము అందుబాటులో ఉంచుడు, నాలుగేండ్ల సేవ ముగించి వచ్చు అగ్నివీరుల పేర్లను సైతము, కేంద్రము హోదా ఇచ్చినను ఈయకున్నను, ఆ పట్టికలో చేర్చుడు. మారేడ్‌పల్లి, సైనికపురి సంఘములలోని అధికారులు తమ సమావేశములకు పేటలోని సెక్యూరిటీ కొలువులు చేయు మాజీ జవాన్లను పేరుపెట్టి పిలువవలెనని వారిని వేఱుగ కోరుచున్నాను. పాఠకులు చేయదగినది మిక్కిలి సులభము. మీ గేటువద్ద నిలుచుండువాడు మాజీ సైనికుడైనచో, ఆతని పటాలమేదో అడిగి తెలిసికొనుడు.